పేజీన్నర ఖాళీ

“మధ్యలో పేజీన్నర ఖాళీ వదిలేశావేంటోయ్, చూసుకోలేదా? నేను నింపేశాలే!” అన్నాడాయన, కాలరు దగ్గర ఇంకోసారి తొయ్యమని వేలితో చూపిస్తూ.

ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగింది. ఒక్క క్షణమే. ఎక్కువసేపు ఆగితే చొక్కా కాలుతుంది. చొక్కా కాలితే ఆయనకి కాలుతుంది. ఆయనకి కాలితే ఇంట్లో ఎవరికీ కాలు నిలవదు. అందుకని పెట్టెని కదుపుతూనే, “ఏ ఖాళీ అండీ?” అంది, తెలిసీ తెలియనట్టు.

“అదే, నీ పాటలో. క్లారినెట్టు లైన్లో ఏమీ రాయలేదుగా. పాపం, అక్కడికొచ్చేసరికి ఏం తోచలేదేమో అనుకున్నా. పొద్దున కాఫీ తాగుతూ రాసి పడేశా. నీ ధోరణిలోనే ఉంటుందిలే, అతుకు కనపడదు. సాయంత్రం రిహార్సల్లోపు పార్టుల్లోకి ఎక్కించెయ్.”

ఆ కాఫీ ఆమె పెట్టిందే. ఆయన రాసిన పెన్సిలు ఆమె చెక్కిందే. ఆ కాగితం మీద ఐదేసి గీతలు ఆమె స్కేలు పెట్టి గీసినవే. ఇన్ని సమకూర్చిపెట్టిన మనిషికి పేజీన్నర సంగీతం తోచక ఆగిపోయిందని ఆయనకెలా తోచిందో!

“తోచక కాదండీ. కావాలనే వదిలాను. అక్కడ ఊదేవాళ్ళు అప్పటికప్పుడు ఏం తోస్తే అది వాయించుకోవాలి. జాజ్‌లో అలాగే కదా.”

“నాకు తెలీదనుకున్నావా?” ఆయన నవ్వాడు. ఇందాక పాపం అన్న నోరే ఇప్పుడు పాఠం మొదలెట్టింది. “జాజ్ వాళ్ళు జట్టుకి నలుగురుంటారు, గోడవారన కూర్చుని ఏమైనా చేసుకోవచ్చు. మనది ఆర్కెస్ట్రా. వచ్చే క్లారినెట్టావిడ ఏం ఊదుతుందో తెలియకుండా నేను కర్ర ఎలా ఊపను? ఇదిగో, ఈ చేతి మడత కూడా ఓసారి చూడు.”

ఆమె చేతి మడత చూసింది. ఇస్త్రీలో స్త్రీని ఇరికించినవాడు ఎవడో గానీ, గట్టిగానే ఇరికించాడు.

తీగవాద్యాల బృందానికి ఆయన కండక్టరు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు “మా వాడు కండక్టరు” అని గొప్పగా చెప్పుకుంటే, చుట్టాలు “ఏ రూటమ్మా?” అని అడిగేవారట. అత్తగారికి అది ఇప్పటికీ మానని పుండు. ఆమెకి మాత్రం ఆ ప్రశ్నలో తప్పేమీ కనపడలేదు. ఇన్నేళ్ళుగా ఆయనది ఒకటే రూటు. ఆయన ఆపినచోట ఆగాలి, దిగమన్నచోట దిగాలి, చిల్లర మాటలు మాట్లాడకూడదు. కర్రపెత్తనం అనే మాట పుట్టించినవాళ్ళు ఆయన్ని చూశాకే పుట్టించి ఉంటారు. బయట తాళం వేసేది ఆయన, ఇంటి తాళం ఆయన జేబులో, తాళడం మటుకు ఆమె వంతు.

ఆమె కూడా ఒకప్పుడు ఊదేది. సంగీత కాలేజీలో క్లారినెట్టు పట్టిన ఆడపిల్లలు ఇద్దరే. ఒకరు ఆమె. ఇంకొకరు ఎముకలకి చర్మం కప్పినట్టుండే పొడుగుపిల్ల. ఊదుతుంది, బత్తిలా ఉంటుంది కాబట్టి క్లాసంతా ‘ఊదుబత్తి’ అని పేరు పెట్టేశారు. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే గురువు, పరీక్షల ముందు ఒక్కోసారి క్లారినెట్టు మూతికి బిగించే రీడు కూడా ఒకటే. తర్వాత ఊదుబత్తి ఊళ్ళమీద ఊళ్ళు తిరిగి పేరున్న కళాకారిణి అయింది. ఈమెకి పెళ్ళయింది. అత్తగారు మొదటి వారంలోనే మెత్తగా చెప్పింది: “బుగ్గలు పూరించి ఊదుతుంటే చూడ్డానికి బావుండదమ్మాయ్. అయినా ఒక ఇంట్లో ఇద్దరు విద్వాంసులైతే పొయ్యి దగ్గరికి ఎవరెళ్తారు?” ఎవరెళ్తారో ఆ ప్రశ్నలోనే ఉంది. ఊదే మనిషి ఊడ్చే మనిషి అయింది. పెద్ద తేడా ఏం లేదు. రెండింటికీ ఊపిరి బిగబట్టాల్సిందే. కొన్నాళ్ళకి క్లారినెట్టు అటక మీదికెక్కింది. ఇంకొన్నాళ్ళకి అటక దిగి, ఆయన దగ్గర సంగీతం నేర్చుకునే ఓ పళ్ళ డాక్టరు చేతికెళ్ళింది. “ఖాళీగానే పడుందిగా, పాపం ఆయనకి సరదా” అన్నాడాయన. పళ్ళు పీకే మనిషికి ఆమె పీక ఇచ్చేసి వచ్చాడు. ఆ ఖాళీ అయిన చోట ఆయన జ్ఞాపికలు పేర్చాడు. ఆమె సాధన చేసుకుందామనుకున్న చిన్నగది ఆయన పియానోకి పోయింది. మధ్యాహ్నం ఆమెకి దొరికే కాస్త తీరిక అత్తగారి కాళ్ళ నెప్పులకి పోయింది. ఆ ఇంట్లో ఖాళీ అనేది పుడితే చాలు, బారసాల కూడా కాకుండానే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు.

ఆమెకి మిగిలింది పార్టులు రాయడం. ఆయన స్కోరు రాస్తాడు, అంటే అన్ని వాద్యాలూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి. దాన్నుంచి ఎవరి వరస వాళ్ళకి విడివిడిగా రాసివ్వాలి. వినడానికి గుమాస్తా పని. కానీ తీగవాద్యం పట్టుకున్నవాళ్ళకి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి, పేజీ తిప్పడానికి ఒక చెయ్యి ఖాళీ కావాలి. అందుకని వాళ్ళకి విరామం వచ్చేచోటే పేజీ అయిపోయేలా లెక్క చూసి రాయాలి. ఆ బృందంలో ప్రతి చేతికీ ఎక్కడ తీరిక దొరుకుతుందో ఆమెకి తెలుసు, తన చేతికి తప్ప. మధ్యమధ్యలో ఆయన తప్పులుంటాయి. వయొలిన్‌కి అక్కలాంటి వయోలాకి అందని స్వరం రాస్తాడు. మోకాళ్ళ మధ్య పెట్టి వాయించే చెల్లో వాళ్ళకి ఊపిరాడని పరుగు రాస్తాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా సరిచేసి ఎక్కిస్తుంది. కచేరీ అయ్యాక ఆయన అందరికీ చెబుతాడు, “మా ఆవిడ దస్తూరీ ముత్యాలండీ!” అని. చెవికి ముత్యాలు పెట్టుకోవడం అందరికీ తెలుసు. ఆ ముత్యాలకే ఒక చెవి ఉందని ఎవరనుకుంటారు?

ఊదుబత్తి అనుకుంది. ఈ ఏడాది ఈ బృందంతో వాయించమని పిలిస్తే, సరేనని తిన్నగా ఆమెకి ఫోన్ చేసింది.

“ఒసేయ్, మీ ఆయన రాసింది వాయిస్తుంటే కచేరీ అంటే ఆఫీసు అన్న అర్థమే గుర్తొస్తుందే నాకు. సంతకం పెట్టి లోపలికెళ్ళి, గంట కొడితే బయటికొచ్చినట్టుంటుంది. ఈసారి నువ్వు రాయి.”

“నేనా? నాకేం వచ్చే!”

“కాలేజీ మెట్లమీద కూర్చుని నువ్వు ఊదిన జాజ్ ఇంకా నా చెవిలో ఉంది. క్లారినెట్టు, వెనకాల తీగలు, అంతే. నీ పేరుతో వెయ్యకపోతే నేను రానని మీ ఆయనకి చెప్పేశా కూడా.”

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ, “సరదాగా ఏదో ఒకటి రాయి, నేను సర్దుతాలే” అన్నాడు. ఆ సర్దడం అన్న మాట దగ్గర ఆమె ఆగాల్సింది. ఆగలేదు. సంతోషం చెవిటిది.

ఆ పాట బట్టలుతికే మిషన్లో పుట్టింది. దానికి ఒక కాలు పొట్టి. తిరిగేటప్పుడు దడా-ద, దడా-ద అని కుంటుకుంటూ ఊగేది. ఆ ఊపే జాజ్‌కి ప్రాణం. అందులో రెండు స్వరాలు పక్కపక్కన రాస్తే కాగితం మీద రెండూ సమానంగానే కనిపిస్తాయి. వాయించేటప్పుడు మొదటిది సాగుతుంది, రెండోది తగ్గుతుంది. అచ్చం పెళ్ళిలాగే. పెళ్ళిలో లేనిది ఒకటే, జాజ్‌లో ఆ తగ్గినదే పాటని ముందుకి తోస్తుంది, ఆ సంగతి అందరికీ వినిపిస్తుంది కూడా. మిషన్ కుంటుతుంటే ఆమె వంటింటి స్టూలు మీద కూర్చుని ఆ కుంటిని వయోలాలకిచ్చింది. ఉల్లిపాయలు తరిగే చప్పుడు వయొలిన్లకి, విల్లు పక్కన పెట్టి వేళ్ళతో మీటమని. మనిషెత్తు కాంట్రబాసుకి నడక, ఊరికే, ఎక్కడికీ కాని నడక, ఇంట్లోంచి ఎవరికీ చెప్పకుండా బయటపడి వీధి చివరిదాకా వెళ్ళొచ్చినట్టు. ఆ అన్నిటి మీదా క్లారినెట్టు, కింద గొంతులో మొదలెట్టి, నసుగుతూ, గొణుగుతూ, మాట మింగుతూ, మెల్లిగా పైకి. సరిగ్గా నడిమధ్యలో ఆ గొంతు తెరుచుకోబోయే చోట, తీగలన్నిటికీ విరామమిచ్చి, ఒక్క బాసుని మాత్రం నడవనిచ్చి, క్లారినెట్టు లైను వదిలేసింది. పేజీన్నర. అక్కడ ఏం వస్తుందో రాసినామెకీ తెలియదు. తెలియకపోవడమే ఆ పాట. తక్కినదంతా ఆ పేజీన్నర దగ్గరికి తోవ.

రాయడం పూర్తయిన రోజునే ఆయన మిషన్ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టాడు. “చప్పుడు పోయిందా?” అని అడిగాడు. “పోయిందండీ” అంది. ఇప్పుడు పాట కింద కూడా అట్టముక్క పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆమె కూర్చుని, ఆయన నింపిన స్వరాల్ని తన ముత్యాల దస్తూరీతో తన ఖాళీలోకి తనే ఎక్కించింది. బుద్ధిగా మెట్లెక్కి బుద్ధిగా దిగే స్వరాలు, ఎక్కడా మడతల్లేకుండా, చొక్కాలాగే. అత్తగారు పక్కనే కుర్చీలో కూర్చుని, “చూశావా, వాడు కాబట్టి పూర్తి చేసిపెట్టాడు. ఇంకొకడైతే నలుగురికీ చెప్పి నవ్వేవాడు” అంది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె రెండో వాద్యం. దాని మీద సాధన ఏ రోజూ ఆగలేదు.

రిహార్సల్లో అందరి ముందూ ఆయన కర్రతో స్టాండు మీద తట్టి, “మా ఆవిడ సరదాగా ఒకటి రాసింది, నేను కాస్త చెయ్యేశాను” అన్నాడు. అందరూ విల్లులు స్టాండ్లకి తాటించి చప్పట్ల బదులు చప్పుడు చేశారు. మొదలెట్టారు. వయోలాలు ఆమె కుంటిని కవాతు చేసేశాయి. రాసినవి రాసినట్టు, రెండూ సమానంగా, ఎడమ కుడి, ఎడమ కుడి. ఆమె పార్టులు పంచే మనిషి కాబట్టి వెనక బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఉండబట్టలేక లేచింది.

“అక్కడ మొదటి స్వరం కొంచెం సాగాలండీ. ఇలా...” అని బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించబోయింది.

ఆయన వెనక్కి తిరక్కుండానే, “నువ్వు కాసేపు కూర్చోవోయ్, నేను చూసుకుంటాగా” అన్నాడు. తిట్టలేదు. ప్రేమగానే అన్నాడు. వయొలిన్ల వరసలో ఎవరో ముసిముసిగా నవ్వారు. ఆమె కూర్చుంది. వేళ్ళు మాత్రం బల్ల కింద ఇంకాసేపు కుంటాయి.

పాట నడిమధ్యకి వచ్చింది. ఊదుబత్తి ఆయన నింపిన స్వరాలు ఊదింది. తప్పు లేకుండా, ప్రాణం లేకుండా, ఆఫీసులో సంతకం పెట్టినట్టు. ఊదుతూనే కనుబొమ్మ ఎత్తి వెనక బల్లవైపు చూసింది. విరామంలో నడవాలోకి లాక్కెళ్ళి నిలదీసింది.

“ఆ మధ్యలోది నువ్వు రాసింది కాదు కదే?”

“దస్తూరీ నాదే.”

“నాతో చతుర్లాడకు. అసలక్కడ ఏముంది?”

“ఏమీ లేదు. నీకోసం ఖాళీ ఉంచాను.”

ఊదుబత్తి హాలు తలుపువైపు తిరిగింది. “నేనెళ్ళి చెప్పనా వాడికి? నేను చెబితే వింటాడు.”

“వింటారు. అందుకే వద్దు. నువ్వు చెబితే నువ్వు చెప్పినట్టుంటుంది.”

“మరి నువ్వెప్పుడు చెబుతావే, చచ్చాకా?”

ఆమె గోడవైపు తిరిగింది. అక్కడ ఆ పూటే అంటించిన కచేరీ కాగితం ఉంది. ‘రచన’ అని, పక్కన ఆయన పేరు, ‘మరియు’ అని, ఆమె పేరు. ఇంటికెళ్ళేటప్పుడు కారులో ఆయనే చెప్పాడు: “నా పేరు కూడా వేయించా. ఒక్క నీ పేరే ఉంటే జనం సీరియస్‌గా తీసుకోరోయ్. నీకే గౌరవం.” ఇన్నేళ్ళూ ఆయన రాసినవాటిలో ఆమె సరిదిద్దిన స్వరాలన్నీ ఏరి గుట్టగా పోస్తే ఒక పాట అవుతుంది. వాటిల్లో ఒక్కదానికీ ఎవరూ ‘మరియు’ వెయ్యలేదు. ఆమె వందసార్లు ఆయన పాట ముట్టుకుంటే అది దస్తూరీ. ఆయన ఒక్కసారి ఆమె పాట ముట్టుకుంటే అది రచన. కిటికీలోంచి వీధి వెనక్కి పోతోంది. రూటు అదే. దిగాలంటే బండి ఆగాలి. ఆగదని తెలిశాక, ఆపే తాడు ఎవరి చేతికి దగ్గరగా ఉందా అని ఆమె మొదటిసారి చూసింది. చూస్తే తన ఒళ్ళోనే ఉంది. సంచీ. సంచీలో పార్టులు. ఆ బృందంలో ఎంత పెద్ద విద్వాంసుడైనా స్టాండు మీద కాగితం లేకపోతే విల్లు ఎత్తడు. ఆ కాగితం పెట్టేది ఆమె.

ఆ వారమంతా ఆమె పార్టులు మళ్ళీ రాసింది. ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ ఏం రాస్తున్నావని అడగలేదు. వయోలాల కుంటి పక్కన మొదటిది సాగాలి అని తేటగా రాసింది. క్లారినెట్టు పార్టులో పేజీన్నర మళ్ళీ తెల్లగా విడిచింది. ఆయన స్కోరు కూడా తిరగరాసింది.

కచేరీ రోజు ఉదయం ఆఖరి రిహార్సలు. ఆమె స్టాండ్ల మధ్య తిరిగి పార్టులు పెట్టింది, వెళ్ళి వెనక బల్ల దగ్గర కూర్చుంది. పాట మొదలైంది. ఈసారి వయోలాలు కుంటాయి. కాంట్రబాసు వాయించే ముసలాయన తల ఊపుతూ నడక అందుకున్నాడు. కండక్టరుగారు ముఖం చిట్లించి, అయినా కర్ర ఆపకుండా పేజీ తిప్పాడు. కర్ర గాల్లో ఆగింది.

“ఏంటిది? ఇక్కడ మళ్ళీ ఖాళీగా ఉంది!” బాసు నడక కూడా తడబడి ఆగింది. ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. “ఏమోయ్, నేను రాసింది ఎక్కించడం మర్చిపోయావా?”

“మర్చిపోలేదండీ.” ఆమె లేచి నిలబడింది. గొంతు కిందనుంచే మొదలైంది, నసుగుతూ. “అది ఖాళీగానే ఉంటుంది.”

“ఇప్పుడా హాస్యాలు? పాతవి ఎక్కడున్నాయ్, పంచు.”

“పాతవి లేవండీ. ఇవే ఉన్నాయి. ఆ ఖాళీ ఉంటేనే ఇవి స్టాండ్ల మీద ఉంటాయి. లేదంటే తీసేస్తాను, స్టాండ్లే ఖాళీగా ఉంటాయి.”

ఊదుబత్తి క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని, నోరు గట్టిగా బిగించుకుని కూర్చుంది. ఆయన అందర్నీ చూశాడు. అందరూ స్టాండ్లవైపు చూశారు. ఆయనకి కోపం రాలేదు. అంతకన్నా ఘోరం, నవ్వొచ్చింది, ఆ నవ్వుని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“సరేనోయ్, నీ సరదా ఎందుక్కాదనాలి. కానీ అంతసేపూ నేనేం చెయ్యాలి ఇక్కడ?”

“ఏం చెయ్యక్కర్లేదండీ. మీరు కాసేపు కూర్చోండి.”

కూర్చోడానికి అక్కడ ఒకటే కుర్చీ ఉంది, వెనక బల్ల దగ్గర, ఆమె లేచినది. ఆయన ఒక్క నిమిషం నిలబడి చూశాడు. సాయంత్రం కచేరీ. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. కర్ర స్టాండు మీద పెట్టి, నడిచి వచ్చి, కూర్చున్నాడు.

బాసు మళ్ళీ నడిచింది. ఊదుబత్తి ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి హాలంతా వినపడింది. తర్వాత ఏదో వచ్చింది, మెట్లమీద కూర్చుని కాళ్ళూపినట్టు, తిట్టినట్టు, నవ్వు పొలమారినట్టు, ఎవరూ రాయనిది. వయొలిన్ల వాళ్ళు పేజీ తిప్పడం మర్చిపోయి వింటున్నారు. ఆమె నిలబడి వింది. కళ్ళు చెమ్మగిల్లాల్సిన చోటు అది. చెమ్మగిల్లలేదు, మండాయి. ఎంత బావుందో అంత చేదుగా ఉంది. ఇంత సంసారంలో తనకంటూ దొరికిన జాగా పేజీన్నర. దానికోసం ఆయనతో అయితే పోట్లాడింది గానీ, దాన్ని కట్టేటప్పుడే ఇంకొకరి పేరున రాసేసింది. క్లారినెట్టు లైను వదులుతున్నప్పుడు అందులో తను ఊదొచ్చన్న ఊహే రాలేదు. ఖాళీ దొరికితే ఎవరికో ఒకరికి వడ్డించెయ్యడం ఆయన నేర్పిన అలవాటే. ఆయన ఎత్తుకుపోకపోయినా తనే ఇచ్చేసేంత బాగా నేర్చుకుంది.

పాట అయింది. విల్లులు స్టాండ్లమీద చాలాసేపు మోగాయి. అందరూ సర్దుకుంటుంటే ఆయన కుర్చీలోంచి లేచి, ఏమీ జరగనట్టు గొంతు తగ్గించి, “సాయంత్రానికి ఆ తెల్లచొక్కా ఇస్త్రీ చేశావా?” అన్నాడు.

“ఆ పళ్ళ డాక్టరుగారిల్లు ఎక్కడండీ?” అంది ఆమె, సంచీ భుజాన వేసుకుంటూ.

“ఏ పళ్ళ డాక్టరు?”

“నా క్లారినెట్టు ఇచ్చారే, ఆయన.”

“ఇప్పుడదెందుకు? ఆయనెప్పుడో మానేశాడు, ఇంట్లో ఏ మూల పడుందో... ఇదిగో, ఎక్కడికి? చొక్కా అడుగుతుంటే!”

ఆమె అప్పటికే తలుపు దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళ అలవాటు, ఆయన అడిగినదానికి జవాబు చెప్పకుండా వెళ్ళడం చేతకాలేదు. వెనక్కి తిరిగి చెప్పింది.

“ఇస్త్రీ పెట్టె బల్ల మీదే ఉందండీ. స్విచ్చు కుడిచేతి పక్కన ఉంటుంది.”